ప్రైవేటు మాస్టారు కాదుట, అన్నయ్యట!

ఒరే నాయనా, ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టి నేను చెప్పేది విను. పెట్టవని తెలుసు. అయినా చెప్పడం నా ధర్మం, వినకపోవడం నీ ధర్మం. డెబ్భై ఎనిమిదేళ్లు వచ్చాక మనిషికి ఇంతకంటే ధర్మాలు ఏం మిగులుతాయి గనక!

మా ఇంటికి ప్రైవేటు మాస్టారొస్తున్నాడు. ప్రైవేటు అనగానే నీకు ఏదో కంపెనీ గుర్తొస్తుంది కాబోలు. మా రోజుల్లో ప్రైవేటంటే సాయంత్రంపూట మాస్టారి అరుగు మీద చదువు. "మీ వాడేడండీ?" అంటే "ప్రైవేటుకెళ్లాడండి" అనేవారు. తర్వాత అది ట్యూషనయింది. ఇప్పుడు హోమ్ ట్యూషనట. మేం మాస్టారి ఇంటికెళ్లేవాళ్లం, ఇప్పుడు మాస్టారే మనింటికొస్తున్నాడు. దాహమేసినవాడు నూతి దగ్గరికెళ్లాలి గాని నుయ్యి నడిచొస్తుందా? వచ్చింది. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా అబ్బాయి ఉంటున్న మూడో అంతస్తుకి లిఫ్టెక్కి మరీ వచ్చింది. వీపున సంచీ, సంచీ పక్కజేబులో మంచినీళ్ల సీసా. నుయ్యి తన నీళ్లు తనే తెచ్చుకుంది, చూడు చోద్యం!

నూతికి ఇరవై మూడేళ్లుంటాయి. మీసం ఇంకా ముసాయిదాలోనే ఉంది. గుమ్మంలో చెప్పులు విప్పి, నాకు దణ్ణం పెట్టి, "నమస్కారం తాతగారూ" అన్నాడు. దణ్ణం వరకూ బాగానే ఉంది. ఇంతలో మా మనవరాలు లోపలినుంచి పరిగెత్తుకొచ్చి "అన్నయ్యా, వచ్చేశావా!" అంది.

అన్నయ్య!

నాయనా, మాస్టారిని మేం పేరుపెట్టి తలుచుకుంటే కళ్లు పోతాయనుకునేవాళ్లం. మా మాస్టారి అసలు పేరు నాకు ఆయన పోయాక కర్మంత్రం కార్డు మీద చూసినప్పుడు తెలిసింది. సంతలో ఆయన ఎదురైతే కొబ్బరిచెట్టు చాటున నిలబడేవాణ్ణి. కొబ్బరిచెట్టు చాటున మనిషి దాగడని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆయన చూడనట్టు వెళ్లిపోయేవారు. అదీ గురుశిష్య సంబంధమంటే. ఇప్పుడేమో అన్నయ్యట, "వచ్చేశావా" అట. నువ్వు, నేను, ఒక పళ్లెంలో పకోడీలు.

కోడల్ని అడిగాను, "ఏమ్మా, కుర్రాడి పూర్వాపరాలేమన్నా విచారించారా?" అని. "డెమో క్లాసు చూసే పెట్టుకున్నాం మామయ్యగారూ" అంది. డెమో అంటే ఏమిటో తెలుసా? ఒక రోజు ఊరికే చెప్పి చూపిస్తాడట, నచ్చితే పెట్టుకోవచ్చట. దోసకాయ చేదేమోనని కొట్టువాడి దగ్గర ముక్క కోయించుకు తింటాం చూడు, అలాగన్నమాట. మా మాస్టారిని ఎవరైనా "ఏదీ, ఓ రోజు చెప్పి చూపించండి" అని ఉంటే, ఆయన వాళ్ల నాన్న చేత కూడా గోడకుర్చీ వేయించేవారు.

నాకు ప్రైవేటు మాస్టర్ల మీద అనుమానం ఊరికే పుట్టలేదు. నేను కన్యాశుల్కం చదివినవాణ్ణి. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. అందులో గిరీశం ఎవరనుకున్నావు? వెంకటేశానికి ప్రైవేటు మాస్టారే. సెలవుల్లో కుర్రాడికి చదువు చెబుతానని అగ్రహారం దాకా వెళ్లి మకాం వేశాడు. చదువు సంగతి దేవుడెరుగు, చుట్ట కాల్చడం మాత్రం శిష్యుడికి పట్టుబడింది. అంచేత నేను మొదటి వారమంతా హాల్లో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. పేపరు తలకిందులుగా ఉందని మనవరాలు మూడోనాడు చెప్పింది.

వారం తర్వాత నేనే విచారణ మొదలెట్టాను. మా రోజుల్లో ఒక మనిషి గురించి తెలుసుకోవాలంటే మూడే ప్రశ్నలు: ఏ ఊరు, ఎవరి తాలూకు, భోజనం ఎక్కడ. మొదటిదానికి "పలాస దగ్గర పల్లెటూరండి, ఉద్దానం" అన్నాడు. రెండోదానికి "అమ్మ జీడిపిక్కల కార్ఖానాలో పనిచేస్తదండి" అన్నాడు. మూడోదానికి నవ్వి ఊరుకున్నాడు. దాని అర్థం నాకు తెలుసు. ఆ వయసులో నేనూ అలాగే నవ్వి ఊరుకునేవాణ్ణి. కోడలికి సైగచేస్తే రెండు పెసరట్లొచ్చాయి. ఇది కరుణతో చేసిన పని అనుకోకు. ఆకలితో ఉన్నవాడు లెక్కలు తప్పు చెబుతాడని నా భయం.

కుర్రాడు బీఎస్సీ లెక్కలు, ఆపైన బీఈడీ. 2025లో మెగా డీఎస్సీ అని 16,347 పోస్టులు పడ్డాయి చూడు, అప్పటికి వీడి బీఈడీ పూర్తికాలేదు. అరిటాకు వేసి వడ్డించేవేళకి వీడు ఇంకా కాళ్లు కడుక్కుంటున్నాడు. ఇప్పుడు వచ్చే నోటిఫికేషన్ కోసం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పగలంతా చదువుతాడు, సాయంత్రం మూడిళ్లలో ప్రైవేట్లు చెబుతాడు. మా ఇల్లు మొదటిది. ఆరింటికని చెప్పి ఆరూ పదికొస్తాడు. అడిగితే బస్సు లేటంటాడు. మా మాస్టారు ఎప్పుడూ లేటవలేదు. ఆయన ఇంట్లోనే ఆయన ఉండేవారు కదా, ఎలా అవుతారు?

ఇక బోధన సంగతికొద్దాం. అసలు నా బాధంతా అక్కడే ఉంది.

మేం చదివింది ఎలాగో చెబుతాను. అమలాపురానికి అవతల మా ఊళ్లో మాస్టారి అరుగు మీద ఇసుక పోసి ఉండేది. వేలు అరిగేదాకా అందులో ఓనమాలు దిద్దేవాళ్లం. ఆ తర్వాత పలక. పలక నల్లబడాలంటే బొగ్గూ దొండాకూ కలిపి రుద్దాలి. నీ టాబ్లెట్టుకి దొండాకు రుద్దుతావా? రుద్దలేవు. అదీ ఇవాళ్టి చదువుకొచ్చిన తిప్పలు. దీపాలవేళ లాంతరు. దాంట్లోకి కిరసనాయిలు వంతులవారీగా పిల్లలమే తేవాలి. జీతం నెలకి అర్ధరూపాయి, లేకపోతే కందదుంప, గుమ్మడికాయ, కొబ్బరికాయలు. దసరా వస్తే గిలకలు పట్టుకుని మాస్టారి వెనక ఇంటింటికీ వెళ్లి పద్యాలు పాడితే ఆయనకి దక్షిణ, మాకు పప్పుబెల్లాలు. ఇప్పుడు ఈ కుర్రాడి జీతం ఒకటో తారీఖున ఫోనులో టింగుమంటుంది. టింగుమన్న డబ్బుకి బెల్లం వాసనొస్తుందా?

లెక్కలంటావా, ఎక్కాలే ఎక్కాలు. ఇరవయ్యో ఎక్కం దాకా కోరస్ పాడేవాళ్లం. ఆ పైన పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పాతిక ఎక్కం. తప్పితే తొడపాశం. మళ్లీ తప్పితే గుంజీళ్లు. మూడోసారి తప్పితే చింతబరికె. కోదండం వేయడమని ఇంకోటుండేది, దూలానికి వేలాడదీయడం. ఎందుకు వేలాడదీశారని ఇంట్లో అడిగేవారు కారు. చెబితే అక్కడ మిగిలింది ఇక్కడ పడేది. 2009లో విద్యాహక్కు చట్టమని తెచ్చి, పిల్లల్ని కొట్టకూడదన్నారు. అదే చట్టంలో బళ్లో పనిచేసే టీచర్లు ప్రైవేట్లు చెప్పకూడదని కూడా రాశారు. బెత్తమూ పోయింది, అరుగూ పోయింది. మిగిలిందేమిటంటే ఈ నీళ్ల సీసా కుర్రాడు.

మొదటిరోజు వీడు పుస్తకమే తెరవలేదు. భిన్నాలు చెప్పడానికి వచ్చినవాడు, మా కోడలితో "మేడమ్, ఓ గుప్పెడు జీడిపప్పుంటే ఇస్తారా?" అన్నాడు. అదిగో, గిరీశం బయటపడ్డాడనుకున్నాను. చదువు చెప్పడానికొచ్చి జీడిపప్పడిగిన మాస్టారిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

అడిగిన జీడిపప్పు తినలేదు వాడు. ఒక గింజ తీసి బొటనవేలితో చిన్నగా నొక్కాడు. మధ్యలో గీత గీసినట్టు రెండు బద్దలైంది. "మా ఊళ్లో దీన్ని గుండంటారు, ఇది బద్ద" అన్నాడు. "గుండులో బద్దలెన్ని?" మనవరాలు "రెండు" అంది. "మూడు గుండ్లుంటే ఎన్ని బద్దలు?" "ఆరు." "అయితే మూడుని సగంతో భాగిస్తే ఎంత?"

ఇక్కడ చూడు అసలు దుర్మార్గం. పిల్ల చెప్పలేదు. వీడూ చెప్పలేదు. కూర్చున్నాడు. గోడ గడియారంలో నేను లెక్కపెట్టాను, నలభై సెకన్లు. నలభై సెకన్లంటే తక్కువనుకోకు, మా అరుగు మీద అంత సేపట్లో ఇద్దరికి తొడపాశాలు పూర్తయ్యేవి. పిల్ల జీడిపప్పు వంక చూస్తోంది, వీడు పిల్ల వంక కూడా చూడకుండా కిటికీలోంచి వేపచెట్టు చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మాస్టారన్నాక చెప్పాలి గాని ఊరుకోవడానికి నెలజీతమా? ఊరుకోవడం నాకూ వచ్చు, నాకెవరిస్తున్నారు జీతం?

నలభై ఒకటో సెకనులో పిల్ల "ఆరా?" అంది. ఆ తర్వాత "భాగిస్తే పెరిగిపోయిందేమిటి అన్నయ్యా?" అని తనే అడిగింది. వాడు మొహం చాటంత చేసుకుని "అదే కదా తమాషా" అన్నాడు. ఆ ఆరు బద్దల్లో రెండు పిల్ల నోట్లోకి పోయాయి. "ఇప్పుడు ఆరులో ఎన్నో వంతు నీ పొట్టలో ఉంది?" అన్నాడు. చూశావా, ఇలాగే పాడవుతున్నాయి పిల్లల బుద్ధులు. మా రోజుల్లో లెక్క తింటే కడుపు నిండేది కాదు, వీపు నిండేది.

సరే, వీడి సత్తా ఏమిటో నేనే చూద్దామని ఒకరోజు అడ్డంగా వేశాను: "ఏమయ్యా, పదిహేడు పదమూళ్లు?" వాడు అయిదు సెకన్లు ఆగి, "పది పదమూళ్లు నూట ముప్పై, ఏడు పదమూళ్లు తొంభై ఒకటి, రెండొందల ఇరవై ఒకటండి" అన్నాడు. "అయిదు సెకన్లా? మాకు అడిగిన నోరు మూతపడేలోగా రావాలి!" అన్నాను, పేపరు దులిపి. ఆ క్షణంలో మా అరుగు బ్యాచంతా స్వర్గంలో చప్పట్లు కొట్టి ఉంటారు. వాడు వినయంగా "బాగుందండి" అని, "ఇరవై ఏడు పదమూళ్లు తాతగారూ?" అన్నాడు.

నాయనా, మా ఎక్కాలు ఇరవైతో ఆఖరు. అక్కడితో మా మాస్టారి ప్రపంచం హద్దు. ఆ హద్దు దాటి నన్నెవరూ తీసుకెళ్లలేదు, నేనూ వెళ్లలేదు. "మజ్జిగ తాగే వేళయింది" అని లేచి వంటింట్లోకెళ్లాను. వెనకనుంచి మనవరాలు "ఇరవై పదమూళ్లు రెండొందల అరవై, దానికి తొంభై ఒకటి, మూడొందల యాభై ఒకటి తాతయ్యా!" అని అరిచింది. పిల్లలకి మర్యాద నేర్పాల్సింది వీడేగా?

అసలు వీడికి లెక్కలెలా అబ్బాయో తెలుసుకుందామని మజ్జిగ తాగాక మళ్లీ కూర్చున్నాను. జీడిపప్పుకి నంబర్లుంటాయట. మూడొందల ఇరవై రకమంటే పౌను తూకానికి సుమారు మూడొందల ఇరవై గుండ్లు తూగుతాయి. నూట ఎనభై రకమంటే గింజ లావు, ధర ఎక్కువ. పౌనుకి అన్నయితే కిలోకి ఎన్ని? రమారమి ఏడొందలు. ఈ లెక్క వీడు ఎనిమిదేళ్ల వయసులోనే వేశాడట. అమ్మ పనిచేసి ఇంటికొచ్చి ఇవాళ ఎన్ని కిలోలైందో చెబితే కూలి లెక్క వీడే కట్టేవాడు. జీడిరసం తగిలితే చర్మం కాలుతుంది, వేళ్లు నల్లబడతాయి. అందుకే చేతులకి ఆముదమో బూడిదో రాసుకుని పిక్క కొడతారట. "మా అమ్మ వేళ్లు చూసి లెక్క తప్పకూడదనుకునేవాణ్ణండి" అన్నాడు. అన్నాక తనే సిగ్గుపడి నీళ్ల సీసా తీశాడు. నాకేమీ అనిపించలేదు. కళ్లజోడు మసకబారితే పంచెతో తుడుచుకున్నాను, అంతే. వైజాగులో ఉక్క ఎక్కువ.

పాఠం చెప్పడం ఎప్పుడు మొదలెట్టావని అడిగితే, తిత్లీ తుపానులో అన్నాడు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది కదా, ఆ తిత్లీ. వీడప్పుడు ఇంటరు. ఉద్దానంలో కొబ్బరీ జీడీ నేలమట్టం. రోజుల తరబడి కరెంటు లేదు, బడి లేదు. వీధిలో పిల్లలు ఏడుస్తుంటే వీడు పోగుచేసి, పడిపోయిన చెట్ల మీద కూర్చోబెట్టి, పడ్డ చెట్లెన్ని, నిలబడ్డవెన్ని, మొత్తంలో ఎన్నో వంతు మిగిలిందని లెక్కలు చెప్పించాడట. పుస్తకాలు తడిసిపోయాయి, పలకల్లేవు, బలపాల్లేవు. "చెప్పడానికేం లేక అడగడం అలవాటైందండి" అన్నాడు. "మొదట్లో వాళ్లు జవాబు చెప్పేవారు కాదండి. తొందరపెడితే ఏడ్చేవోరు. అందుకని ఊరుకునేవాణ్ణి."

కొబ్బరిచెట్టు పడిపోవడమంటే ఏమిటో నీకు తెలియదు, నాయనా. 1996 నవంబరు 6 రాత్రి మా కోనసీమలో తుపాను వచ్చి వెళ్లాక, తెల్లారి లేచి చూస్తే మా దొడ్డినుంచి పక్కూరి గుడి గోపురం కనిపించింది. అంతకుముందు ఎప్పుడూ కనిపించలేదు, మధ్యలో చెట్లుండేవి. ఆ సంగతి వాడికి చెప్పాను. వాడు "అవునండి, మాకు రైలుకట్ట కనిపించింది" అన్నాడు. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ ఊరుకోవడం మాత్రం నేను గడియారంలో లెక్కపెట్టలేదు.

అయినా నేను పాయింటు వదలను. అడిగి అడిగి చెప్పించడం చదువు కాదు. మా మాస్టారు ఒక్కనాడు మమ్మల్ని "ఎందుకు?" అని అడగలేదు. మేమూ ఆయన్ని అడగలేదు. ఒకే ఒక్కసారి ఆయన అడిగారు, అదీ మమ్మల్ని కాదు, ప్రభుత్వాన్ని. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అప్పటిదాకా రూపాయికి పదహారణాలు, అణాకి నాలుగు కాణీలు. అంతా నాలుగు నాలుగ్గా పోయేది. రూపాయిలో నాలుగో వంతు పావలా, పావలాలో నాలుగో వంతు అణా, అణాలో నాలుగో వంతు కాణీ. ప్రభుత్వం వారు నూరు పైసలన్నారు. అణాకి ఆరు నయాపైసలన్నారు, పావలాకి ఇరవై అయిదన్నారు. మా మాస్టారు అరుగు మీద వేలు ముడిచి లెక్కపెట్టి, "ఆరు పదహార్లు తొంభై ఆరు. నాలుగు పైసలెటుపోయాయిరా? అణా అణా పోగేస్తే రూపాయి కాని రోజులొచ్చాయి! ఇక పిల్లలకి బుర్రలుండవు, మా రోజుల్లో..." అని మొదలెట్టారు.

ఇదిగో, ఆ "మా రోజుల్లో" నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నువ్వూ ఎక్కడా అనకు.

ఈ అణాల సంగతి చెబుతుంటే కుర్రాడు పెన్ను తీసి రాసుకున్నాడు. "కాణీ అంటే అరవై నాలుగో వంతా తాతగారూ? అంటే మనోళ్లు భిన్నాల్ని నాలుగు నాలుగు మెట్లలో దింపుకెళ్లేరన్నమాట! బేడంటే రెండణాలు, ఎనిమిదో వంతు. పరక అంటే కూడా అదే కదండి?" అని కళ్లు పెద్దవి చేశాడు. డెబ్భై ఏళ్లుగా నేను పాడిన ఎక్కంలో మెట్లున్నాయని నాకు తెలియదు, నాయనా. పాటనుకున్నాను. అంతటితో ఊరుకున్నాడా, మర్నాడు మనవరాలికి కాగితంతో అణాలూ బేడలూ కత్తిరించి ఇచ్చాడు. ఇప్పుడది నన్ను "తాతయ్యా, రూపాయిలోంచి మూడు బేడలు తీస్తే ఎన్ని అణాలు?" అని అడుగుతోంది. పది, మరి. చెప్పాను. అడిగిన నోరు మూతపడేలోగా చెప్పాను.

నేనూ ఒకప్పుడు ప్రైవేటు చెప్పాను. 1968లో, ఉద్యోగం కోసం చూస్తూ, మా ఊరి రైసుమిల్లు షావుకారి కొడుక్కి. నెలకి పది రూపాయలు, సాయంత్రం కాఫీ. నాకొచ్చిన పద్ధతి ఒకటే, మా మాస్టారి పద్ధతి. వాడికి భిన్నాలు రాకపోతే చెవి మెలేసేవాణ్ణి. భిన్నాలు రాలేదు. కాఫీ మాత్రం బాగుండేది. మొన్నామధ్య పెళ్లిలో వాడు కనిపించాడు. జుట్టు తెల్లబడింది, నాలుగు బస్సులున్నాయి. "మాస్టారూ, మీరు మెలేసింది ఈ చెవేనండి, ఆయ్!" అని నలుగురిలో చూపించి కాళ్లకి దణ్ణం పెట్టాడు. అక్కడ నేను ఛాతీ విరుచుకున్నాను. రాత్రి పడుకున్నాక మాత్రం ఆ చెవి కళ్లముందు ఆడింది. వాడికి దేన్ని తిరగేసి గుణించాలో చెప్పాను గాని ఎందుకు తిరగేయాలో చెప్పలేదు. నాకు తెలిస్తేగా!

అదే ముంచింది. పోయిన మంగళవారం పాఠమయ్యాక, సంచీ భుజానేసుకుంటూ ఆ కుర్రాడు నావైపు తిరిగాడు. "తాతగారూ, సగాన్ని పావుతో భాగిస్తే రెండు. సగంలో రెండు పావులుంటాయి కాబట్టి. మరి పావుని సగంతో భాగిస్తే?"

"ఇదో లెక్కా? కిందది తిరగేసి గుణించు. అర" అన్నాను.

"తిరగేయకుండా చెప్పండి" అన్నాడు. "ఎల్లుండికి."

నాకు హోంవర్కిచ్చాడు, నాయనా! డెబ్భై ఎనిమిదేళ్ల మనిషికి, పింఛనుదారుకి, ఇంటి పెద్దకి! మా రోజుల్లో...

సరే, ఆ రాత్రి నిద్రపట్టలేదు. వయసు మీద నెట్టేశాను. ఒంటిగంటకి లేచి వంటింట్లో లైటు వేయకుండా జీడిపప్పు డబ్బా తీశాను. బద్దని మళ్లీ రెండు చేస్తే పావు. ఆ పావు ముక్క అరచేతిలో పెట్టుకుని, పక్కన బద్ద పెట్టి, ఈ పావులో బద్దలెన్ని ఉన్నాయిరా అని నన్ను నేనే అడిగాను. లేవు. పావు చిన్నది, బద్ద పెద్దది, పట్టదు. పట్టదు కాబట్టి సున్నా అందామా? హళ్లికి హళ్లి, సున్నకి సున్న. కాదు, కొంచెం పడుతుంది. ఎంత పడుతుంది? చూస్తూ నిలబడ్డాను. ఎవరూ తొందరపెట్టలేదు. నలభై సెకన్లు కాదు, నలభై నిమిషాలే అయి ఉంటాయి. బద్దలో సగం మాత్రమే పట్టింది. ఒక బద్ద కాదు, అర బద్ద. అందుకని అర! పెద్దది చిన్నదాంట్లో ఎన్నిసార్లు పడుతుందని అడిగితే "సగంసార్లు" అని జవాబొస్తుందన్నమాట. అంతే. ఇంత చిన్న విషయం. దీనికోసం ఒక చెవి మెలేశాను నేను.

లైటు వెలిగింది. కోడలు. "మామయ్యగారూ, షుగరుండగా అర్ధరాత్రి జీడిపప్పేమిటండీ?" అంది. "భాగహారం" అన్నాను. ఆమె డబ్బా పైఅరలో పెట్టేసింది.

ఇప్పుడు బెంగల్లా ఒకటే. ఆ కుర్రాడికి డీఎస్సీలో ఉద్యోగమొచ్చిందనుకో, చట్టప్రకారం మా ఇంటికి ప్రైవేటు చెప్పడానికి రాకూడదు. వాడికి ఉద్యోగం రావాలని రోజూ సింహాచలం వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంటున్నాను. మరీ తొందరేం లేదని అప్పన్నకి ఓ ముక్క చెబుతున్నాను కూడా. స్వార్థమంటావా? అనుకో.

ఇవాళ గురువారం. ఆరయింది. జీడిపప్పు ముక్క చొక్కా జేబులో ఉంది, చెమటకి మెత్తబడింది. ఆరూ అయిదు. కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నాను, ఫ్యాను గాలి అక్కడ బాగా తగులుతుందని. ఆరూ ఎనిమిది. చూశావా వీడి వరస? మాస్టారన్నాక వేళంటూ ఉండద్దూ? మా రోజుల్లో...

ఆగు, లిఫ్టు చప్పుడైంది.